ఏఐతో ఎదగండి: ఫ్లెక్సీ డిజైనర్లకు ఆరు చిట్కాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన ఎక్కడో డిజైన్ షాపు నడుపుతున్నారా? ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లతో కుస్తీపట్టి కళ్లజోడు తెచ్చుకున్నారా? ఇక ఆ బాధ లేదు. ఇవి తు.చ. తప్పకుండా పాటించండి.

1. బొమ్మతోపాటు తెలుగు కూడా ఏఐతోనే రాయించండి, చదవకండి. వత్తులు ఊడినా, గుడి కొమ్ముగా మారినా కంగారొద్దు. బండి మీద పోయేవాళ్లు వత్తులు చూడరు. చూసేది ఒక్కడే, పేరు తప్పు పడినవాడు.

2. రెండు నిమిషాల్లో అయిపోయిందని కస్టమర్‌కు గొప్పగా చెప్పండి. "రెండు నిమిషాల పనికి అయిదొందలా అన్నా?" అంటూ రేటు అతనే తేల్చేస్తాడు.

3. రెండు శాంపిళ్లు చాలినచోట ఇరవై పంపండి. మూడోదాని బ్యాక్‌గ్రౌండు, తొమ్మిదోదాని కలరు కలిపి, బావమరిది ఫొటో పెంచమంటాడు కస్టమర్. పగలు మిగిలిన టైమంతా రాత్రికి సద్వినియోగం.

4. అందరూ వాడే ప్రాంప్టే వాడండి. ఏఐ ఐడియాలు తీసుకుని రాసిన కథలు విడివిడిగా మెరుగ్గా ఉన్నా, ఒకదానికొకటి ఎక్కువ పోలికతో తయారయ్యాయని 2024లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మంచిదేగా! చైతన్యపురిలో ఒక పార్టీ నాయకుడి వెనక గర్జించే సింహమే కొత్తపేటలో అవతలి పార్టీ నాయకుడి వెనకా గర్జిస్తుంది. అన్ని షాపులూ ఒకటే గనక కస్టమర్ చదరపు అడుగు రేటు ఒక్కటే అడుగుతాడు.

5. కోచింగ్ సెంటర్ ర్యాంకర్ల మొహాలన్నీ నున్నగా తోమేయండి. హాల్‌టికెట్ నంబరుంటే చాలు, కన్నతల్లి గుర్తుపట్టనక్కర్లేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో తాతకు పాతికేళ్లు చేయండి. పోయిందెవరో బంధువులే కనుక్కుంటారు.

6. పని నేర్చుకుంటున్న కుర్రాణ్ని మాన్పించండి. 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ప్రయోగంలో చాట్‌జీపీటీ వల్ల ఆఫీసు రాతపనికి పట్టే టైము 40 శాతం తగ్గింది, నాణ్యత 18 శాతం పెరిగింది. ఎక్కువ లాభపడింది నైపుణ్యం తక్కువున్నవాళ్లే. అంటే కుర్రాడు త్వరలోనే మీ అంతవాడవుతాడు. ఆ ముప్పు ముందే తప్పించుకోండి. ప్రూఫు చూసేది కూడా అతనే గనక మొదటి చిట్కా దానంతటదే అమలవుతుంది.

ఇంత చేశాక, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మెషీన్ మీంచి దిగాక పేరులో తప్పు దొరికితే ఏఐని నిలదీయండి. అది వెంటనే ఒప్పుకుంటుంది, క్షమాపణ కూడా చెబుతుంది. రెండో ప్రింటు డబ్బులు మాత్రం మీ జేబులోంచే.