తోక తెగిన మేస్త్రి

సీతమ్మను వెతుక్కుంటూ రాముడు పర్ణశాల నుంచి కిష్కింధ దాకా నడిస్తేగానీ వానరులు దొరకలేదు. ఇప్పుడైతే అంత తిప్పలుండేది కాదు. గోదారి దాటి పాల్వంచ వైపు అడవి అంచున ఉన్న మా రెండెకరాల చేలోకి వస్తే, వారధికి సరిపడా దండు పొద్దున ఏడింటికే హాజరు.

మొదట వేరుశనగ వేశాం. నాటిన విత్తనాన్ని మొలకెత్తే పని లేకుండా తవ్వుకుపోయాయి. మొక్కజొన్నకు మారాం. తోక సగం తెగిన పెద్దకోతి ఒకటి గట్టు మీద మేస్త్రిలా కూర్చుంటుంది. మిగతావి కంకి విరిచి, పొత్తి వలిచి, రెండు కొరుకులు కొరికి, ఉప్పు తక్కువైందన్నట్టు మొహం పెట్టి విసిరేస్తాయి. తినేది పావలా, పారేసేది ముప్పావలా. అదిలిస్తే దవడ సంచులు నింపుకుని మరీ పోతాయి. ఆ సంచుల్లో దాదాపు పొట్టకు పట్టినంత పడుతుందట! మనకు పెళ్లిభోజనాల్లో కూడా ఆ సౌకర్యం లేదు.

పులి ఫ్లెక్సీ కట్టాను. మూడోనాటికి మేస్త్రి దాని పైకర్ర ఎక్కి కూర్చుంది. వేలాడిన మొండితోక పులికి మీసమైంది. కొండముచ్చు అరుపును ఫోన్‌లో పెట్టి మైకుకు కలిపాను. పరుగో పరుగు! అంతలో మా ఆవిడ ఫోను. మైకు తీయకుండా ఎత్తాను. "ఎక్కడ చచ్చారు, పాలు విరిగిపోతున్నయి!" అని చేనంతా మోగింది. కోతులు వెనక్కొచ్చాయి, నేను ఇంటికెళ్లాను.

నిర్మల్ జిల్లా చించోలిలో 2020లో కోతుల కేంద్రం పెట్టారు. పట్టుకెళ్తే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు. కానీ మా దండుకు అంత దూరం బస్సు ఛార్జీ పెట్టుకునేదెవరు? 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, రీసస్ కోతిని రక్షిత జాబితాలోంచి తీసేశారు. ఆ ధైర్యంతో వడిసెల తిప్పబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆంజనేయస్వామిరా! కళ్లు పోతయి." చట్టం వదిలినా అమ్మ వదల్లేదు.

శనివారం అమ్మను భద్రాచలం తీసుకెళ్తూ, అలవాటు ప్రకారం అడవిదారిలో బండి ఆపి డజను అరటిపళ్లు తీశాను. ఎదురుగా మైలురాయి మీద మొండితోక. మా మేస్త్రే! చేలో వడిసెల, రోడ్డు మీద నైవేద్యం. మేడి, తునికి పళ్లు ఏరుకు తినే జాతికి ఊరిరుచి మప్పింది ఎవరయ్యా అంటే, చేతిలో డజనుతో నిలబడ్డ నేనే. ఇక దొంగని ఎవరిని అనను?

మేస్త్రి పండు అందుకుంది. ఒలిచింది. రెండు కొరుకులు కొరికి నా కాళ్ల దగ్గరికి విసిరేసింది.

అమ్మ చేతులు జోడించింది. "స్వామి ఎంగిలిరా, ప్రసాదం. కళ్లకద్దుకో."