అక్బర్ భాయ్‌కి ఇంత డిమోషనా?

2024 జూలైలో శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు అక్బరుద్దీన్ ఒవైసీ గారికి కాంగ్రెస్ బీఫారం, తన కొడంగల్ సీటు, ఉప ముఖ్యమంత్రి కుర్చీ మూడూ తాంబూలంలో పెట్టి ఇవ్వజూపారు. సభ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. 1999 నుంచి చాంద్రాయణగుట్టను ఏలుతున్న మనిషికి ఇంత డిమోషనా?

ఉప ముఖ్యమంత్రి అయితే ఫైళ్లు చదవాలి, సంతకాలు పెట్టాలి, పెట్టినవాటికి సభలో జవాబు చెప్పాలి. సర్కారు ఓడితే బంగళా ఖాళీ చేయాలి. ఇప్పుడున్న కొలువులో ఆ బాధలేవీ లేవు. గాంధీభవన్‌లో కాంగ్రెస్ గెలిచినా తెలంగాణ భవన్‌లో బీఆర్‌ఎస్ గెలిచినా దారుస్సలాంలో మజ్లిస్ ఓడదు. 2009 నుంచి ప్రతి ఎన్నికలోనూ అవే ఏడు సీట్లు. కిందటిసారి యాకుత్‌పురాలో 878 ఓట్లతో గట్టెక్కినా ఏడు ఏడే. 2012 దాకా కాంగ్రెస్‌తో దోస్తీ, తర్వాత కేసీఆర్ మామతో. 2023 డిసెంబరులో మామ దిగిపోయాడు. కొత్త ఎమ్మెల్యేలతో ప్రమాణం చేయించిన ప్రొటెం స్పీకర్ ఎవరు? అక్బర్ భాయ్. కిందటి సభలో సర్కారు పద్దులు తనిఖీ చేసిన పీఏసీకి చైర్మన్ ఎవరు? ఆయనే. దోస్తు ఖర్చులకు దోస్తే ఆడిటర్! పాపం, ఉప ముఖ్యమంత్రి భట్టి గారికి ఈ వైభోగం ఉందా?

కాబట్టి ముఖ్యమంత్రి గారూ, తాంబూలం వెనక్కి తీసుకుని మీరే దారుస్సలాంలో ఒక కుర్చీ అడగండి. అక్కడికి జనం కరెంటు బిల్లు, రేషన్ దరఖాస్తు, ఆస్పత్రి చీటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు, కింద ఓ ముద్ర. ఆ కాగితం చూడగానే సర్కారు ఆఫీసులో ఏళ్లుగా పడుకున్న ఫైలు లేచి కూర్చుంటుంది. మీ జీవోకి ఆ యోగం ఉందా? మంత్రివర్గాన్నంతా అక్కడికే డెప్యుటేషన్ మీద పంపండి. సచివాలయాన్ని ఫంక్షన్ హాలుగా అద్దెకిచ్చుకోవచ్చు.

నవ్వింది చాలు. పాతబస్తీ సంగతి చూడండి. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చిన మెట్రో, ఫలక్‌నుమాకు మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు పోలేక మూసీ దగ్గరే ఆగింది. 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు, ఇంకా నాలుగేళ్లన్నారు. అదే 2020 జూలైలో ఉస్మానియా ఆస్పత్రి వార్డుల్లోకి మురుగునీళ్లొచ్చాయి. పాత భవనానికి తాళం పడింది, కొత్తది 2024 దాకా లేవలేదు. ఎందుకని అడిగితే సర్కారు దారుస్సలాం వైపు చూస్తుంది, దారుస్సలాం సర్కారు వైపు చూస్తుంది. పెత్తనం ఇద్దరిదీ, జవాబుదారీ ఎవరిదీ కాదు. రేషన్ కార్డు హక్కు. హక్కుకు సిఫారసు చీటీ కావాలంటే అక్కడ ప్రభుత్వం లేనట్టే. ఏడు సీట్ల స్నేహం కోసం ఆ లోటును వచ్చిన ప్రతి ముఖ్యమంత్రీ తెలిసే అలా వదిలేశాడు.

ఉప ముఖ్యమంత్రి ఎవరైతే పాతబస్తీకేం? చీటీ అడగకుండా పని చేసిపెట్టే గుమాస్తా కావాలి. ఆ గుమాస్తాను కూర్చోబెట్టే అధికారం ఇవాళ రేవంత్ రెడ్డి గారి చేతిలోనే ఉంది. దానికి ఎవరికీ బీఫారం ఇవ్వక్కర్లేదు.