ఈగ హాలు: టీకా తాత్పర్య సహితం

మూలం: ఈగ హాలు. ఆమేలె పాఠ. ఆమేలె ఊట.

అవతారిక: చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో, జూన్ నెల పొద్దుట రెండో తరగతి మేష్ట్రు నోట రాదగిన సూత్రమిది. సందర్భం సేతుబంధం. ప్రవరసేనుడి ప్రాకృత కావ్యమని పండితులు పొరబడరాదు. బడులు తెరవగానే నిరుటి చదువును ఒకసారి తిరగేయించడానికి కర్ణాటక విద్యాశాఖ పెట్టిన కార్యక్రమం పేరది. మొదట నైదానిక పరీక్ష, నడుమ మరిచినవాటికి మరమ్మత్తు, చివర సాఫల్య పరీక్ష. వంతెనకు అవతలి గట్టు కొత్త తరగతి. ఇవతలి గట్టు నిరుటి కన్నడ పాఠమని శాఖ లెక్క. దానికీ వెనక, పిల్లవాడి ఇంట్లో, తెలుగు ఉంది. టీక అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ప్రతిపదార్థం: ఈగ = ఇప్పుడు; ముసిరేది కాదు. హాలు = పాలు; 2013లో మొదలైన క్షీరభాగ్య పథకం కింద బడిలో పోసేవి, సినిమా ఆడేది కాదు. ఆమేలె = ఆ తర్వాత; 'ఆ మేలు' అని విడదీస్తే ఎవరు ఎవరికి చేశారో తేలదు. పాఠ = పాఠమే; సంస్కృతం కనుక రెండు భాషల్లోనూ సమానంగా బరువు. ఊట = భోజనం; అక్షరదాసోహ అనే మధ్యాహ్న భోజన పథకం వంటగదిలో ఉడికేది. చెలమలో ఊరేదే ఊట అని పట్టుబట్టేవాడు, వెయ్యి అడుగుల బోర్లు కూడా ఎండిపోయే ఈ జిల్లాలో, నోరు తెరవకపోవడం మంచిది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెతుకుసీమకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత బోర్ల దగ్గరే ఆ ప్రతిన తప్పాడు కనుక ఇక స్వేచ్ఛగా సాగుతాడు.

అన్వయం: సంస్కృత శ్లోకమైతే వ్యాఖ్యాత ఆయుష్షు సగం ఇక్కడే ఖర్చు. ఈ ఊళ్ళలో ఆ బెడద లేదు. 'మక్కళు పుస్తక ఓదుత్తారె', 'పిల్లలు పుస్తకం చదువుతారు': కర్త, కర్మ, క్రియ ఒకే వరసలో నిలబడ్డాయి. వాక్యం కట్టడం పిల్లవాడికి ఇంట్లోనే వచ్చేసింది. బడి దాన్ని మొదటినుంచి నేర్పబోతుంది.

వర్ణవిశేషం: పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది. పాత కన్నడంలోనూ ఇవి పకారంతోనే ఉండేవి, మధ్యయుగంలో హకారమయ్యాయి. ఇది భాషాశాస్త్రజ్ఞుల సొత్తని పేరేగానీ, నాలుగు జంటలు బోర్డు మీద రాస్తే రెండో తరగతివాడు అయిదోది తానే చెప్పగలడు. ఉదాహరణకు ఊరు కూడా దాటనక్కర్లేదు. తెలుగు కుటుంబంలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది ముద్దేన'హళ్ళి'. అదే జిల్లాలో బాగే'పల్లి'. బాగేపల్లిని భాగ్యనగరం చెయ్యాలని 2025 జూలైలో నందికొండ మీద సమావేశమైన మంత్రివర్గం నిర్ణయించింది. పలకల మీద పేరు మారేలోగా ఈ ఉదాహరణ వాడుకోవాలి.

వ్యాకరణవిశేషం: అసలు చిక్కు ఇక్కడుంది. కన్నడంలో 'తంగి బందళు', 'హసు బంతు'. చెల్లెలికొక క్రియ, ఆవుకొక క్రియ. తెలుగింట్లో చెల్లెలూ వచ్చింది, ఆవూ వచ్చింది. అందుచేత పిల్లవాడు 'తంగి బంతు' అంటాడు, ఎర్రసిరా పడుతుంది. వాడిని మొద్దు అనే ముందు చిన్నయసూరి బాలవ్యాకరణం తెరవాలి. ఏకవచనంలో స్త్రీని ఆవుతోపాటు అమహత్తుల్లో చేర్చిన వ్యాకరణాన్ని వాడు పొల్లు పోకుండా పాటించాడు. భాష మాత్రం పక్కది. ఇది మరుపు కాదు కనుక పదిసార్లు ఇంపోజిషను రాయించినా నయం కాదు. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి, ఇంట్లో ఇలా, ఇక్కడ ఇలా అని ఒక్కమాట చెప్పాలి. తెలుగు తెలిసిన మేష్ట్రు ఆ మాట చెప్పగలడు. ధార్వాడ నుంచి బదిలీ మీద వచ్చినవాడికి తప్పు కనిపిస్తుంది, కారణం కనిపించదు.

లిపి సంగతి క్లుప్తంగా. ఇక్కడ ఓనమాలు అకారంతో మొదలవవు. ర గ స ద అ అని అయిదక్షరాలు ముందు. వాటితోనే అరస, అగస, గరగస. రాజు, చాకలి, రంపం అని బొమ్మ చూసి పిల్లవాడు గొణుక్కుంటాడు, పైకి కన్నడంలో చదువుతాడు. కార్డులు, నిచ్చెన మెట్లు, గుంపులుగా కూర్చోవడం, ఇదంతా నలికలి పద్ధతి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలై, 2009-10లో రాష్ట్రమంతటి కన్నడ ప్రభుత్వ బడులకు పాకింది. దాని మూలం మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పల్లెబడుల కార్డులు. చింతామణికి సరిహద్దు అవతలే ఉన్న తెలుగు కార్డులు మైసూరుదాకా వెళ్ళి, కన్నడం నేర్చుకుని, తెలుగు పిల్లల చేతికి తిరిగొచ్చాయన్నమాట.

శంక: అలాంటప్పుడు నేరుగా తెలుగులోనే చెప్పవచ్చు కదా? సమాధానం: 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. ప్రయత్నించాలి అన్న క్రియను వ్యాఖ్యాతలు ఎంతదూరమైనా సాగదీయగలరు. మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులేనని సుప్రీంకోర్టు 2014లో కర్ణాటక వ్యాజ్యంలోనే చెప్పింది. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది ఇంట్లో తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు మీడియం అంటున్నారు.

పాఠాంతరం: 2019-20లో వెయ్యి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తరగతులు తెరిచారు. అక్కడి ప్రతిలో మూలం 'నౌ మిల్క్' అని కనబడుతుంది. దానికి మేష్ట్రు మొదట కన్నడంలో టీక చెప్పాలి. అదీ అందని వెనక వరసకు ఉపటీక: 'పాలు తాగప్పా, చల్లారిపోతాయి.'