గడ్డచీటికి శంషాబాదీయ వ్యాఖ్య

అవతారిక

భీమునిపట్నములో గోస్తనీనది సముద్రమును కలియు చోటికి కూతవేటు దూరమున కాపురముండు మా మేనత్త, తెల్లవారుజామున ఇసుకలో దొరికిన లిల్లీగడ్డ నొకదానిని పాత దినపత్రికలో చుట్టి, పురికొసతో దానికొక చీటి కట్టి, గోదావరి ఎక్స్‌ప్రెస్సులో వచ్చు చుట్టమొకరిచేత నాంపల్లికి పంపగా, అది యచ్చటినుండి బస్సులు మారి, సముద్రమట్టమునకు ఆరువందల మీటర్లకు పైబడిన యెత్తుననున్న మా శంషాబాదు చేరినది. చదువునంతసేపును సుబోధకముగా నుండి, కుండీముందు గునపము పట్టి నిలిచినంతనే దుర్బోధమగుట ప్రౌఢగ్రంథముల లక్షణము గనుకను, మా అపార్టుమెంటులో నప్పటికే ఆ చీటిపై పరస్పరవిరుద్ధములైన నోటివ్యాఖ్యలు బయలుదేరి గడ్డ ప్రాణముమీదికి తెచ్చుచుండెను గనుకను, ఈ టీక యవసరమైనది. మేఘసందేశమునకు సంజీవనియను వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన మెదకుసీమలోని కొల్చారమువాడే. మూలమున లేనిదానిని వ్రాయకుండుట, అనవసరమైనదానిని పలుకకుండుట యను నాయన నియమములు రెండును మాకు శిరోధార్యములే. రెండవదానికి మాత్రము హామీ యీయజాలము.

మూలము

“అల్లుడూ, గడ్డ పంపుతున్నాను. అలలు ఇసక కోసేస్తే బయటపడింది. పీకదాకా పాతెయ్యకు. ఇసక కలుపు. ఉప్పు అక్కర్లేదు. మేక ముట్టదు గానీ పిల్లల్ని చూసుకో. పిల్లగడ్డలొస్తే పెద్దమ్మకొకటియ్యి.”

వ్యాఖ్య

“అల్లుడూ” — సంబోధన ప్రథమావిభక్తి. మేనత్త తన సోదరుని కుమారుని పిలుచు పిలుపు. కూతు నిచ్చినందున గాదు, ఇచ్చుటకు ఆమెకు కూతుండ్రు లేరు.

“గడ్డ పంపుతున్నాను” — ఇచ్చట పాఠభేదము కలదు. ప్రయాణమున చీటి తడిసినందున “గడ్డ” యో “గింజ” యో తేలకున్నది. ఇది వట్టి పండితకలహమని పాఠకులు నవ్వరాదు. పూర్వనిఘంటువులు విషమూంగలి యనియు కేసరచెట్టనియు పేర్కొనునదియు, లినీయసు 1753 లో క్రైనమ్ ఏషియాటికమ్ అని పేరిడినదియునగు ఈ తీరపు లిల్లీ విషయమున, గింజయే చూపరులకు గడ్డగా తోచును. ఆకుపచ్చయు బూడిదయు కలసిన రంగుతో, ఒకవైపు ఉబ్బి మరియొకవైపు నొక్కుకొనిపోయి, వ్రేళ్లనడుమ తిప్పి చూచినకొలది ఆకారమేదో చెప్పశక్యముగాని యా గింజ, బెండువంటి పైపొర చేత నీటిపై తేలి, కెరటముల వెంబడి పోయి, ఎక్కడ నొడ్డున పడిన నక్కడ మొలచును. మొలకకు వలసిన తడిని తనలోనే దాచికొని యుండుటచేత, మన్నుతో నిమిత్తము లేక, కిటికీగూటిలో పెట్టి మరచినను కొన్నాళ్లకు తెల్లని మొలక యొకటి వంగి క్రిందికి దారి వెదకుచుండును. అట్టి గింజనుండి పుష్పదర్శనమునకు ఏండ్లు పట్టును. ఎదిగిన గడ్డయైనచో అంత యోపిక పట్టనక్కరలేదు. కావున గడ్డయో గింజయో యను నిర్ణయము, మేము పూవు చూచుట యెప్పుడను నిర్ణయమే యగుచున్నది. మాకు వచ్చిన వస్తువునకు కాగితపు పొరలవంటి గోధుమరంగు తొడుగు, అడుగున ఎండిన వేళ్ల కుచ్చు, పైన జానెడు మెడ యుండుటచేత “గడ్డ” యను పాఠమే సాధువు.

జాతినిర్ణయ మింకను మిగిలియున్నది. ఆకులను చూచి పేరు చెప్పువారిని నమ్మరాదు. పూచిన పిమ్మట తెల్లని రేకులనడుమ, కేసరముల మొదళ్లను కలుపుచు పలుచని గిన్నెయొకటి యున్నచో అది పాంక్రేషియము గాని హైమెనోకాలిస్ గాని యగును. గిన్నె లేక కేసరములు దేనికవి విడివడి ఊదాచాయలో నిలిచినచో క్రైనము. నర్సరీలవారు స్పైడర్ లిల్లీ యని యమ్మునట్టియు, మన నగరపు డివైడర్లలో బారులు తీర్చి నాటునట్టియు హైమెనోకాలిస్ లిటొరాలిస్ సయితము అమెరికా ఖండపు తీరభూములది. సముద్ర మెరుగని మన పట్టణమున సముద్రతీరపు పూవును కుడియెడమల నుంచికొని, దానివంక చూడక, విమానమునకు వేళమించుచున్నదని డ్రైవరును తొందరపెట్టుచు నిత్యము దాటిపోవుచున్నాము. మన తీరపు మొక్కలను శ్రద్ధగా చూచినవాడు విలియం రాక్స్‌బర్గు. ఆ వైద్యుడు సామర్లకోటలో నుండి, 1793 లో కలకత్తాకు పోవువరకు, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించుచునే యుండెను. కోరమాండలు తీరపు మొక్కల గూర్చిన యాయన గ్రంథము 1795 నుండి వెలువడినది. ఆయన వ్యాఖ్యలు మావాటికంటె క్లుప్తములు.

“అలలు ఇసక కోసేస్తే బయటపడింది” — హేతువాక్యము. “బయటపడు” అనునది అకర్మకక్రియ, కర్త గడ్డయే. కావున దిబ్బను త్రవ్వి గడ్డను పెకలించిన దోషము మేనత్త కంటదు. ఈ వ్యాకరణసూక్ష్మమున గొప్ప ధర్మము కలదు. ఏలయన, తీరమున ఇసుకదిబ్బ యనునది తనంత తాను నిలిచియుండునది కాదు. బాలబందితీగ పైన వలవలె ప్రాకి, రావణాసురుని మీసములను గడ్డి ముండ్లబంతులై దొర్లి నాటుకొని, ఈ లిల్లీగడ్డలు లోపల వేళ్లూని పట్టుకొనినందున నది నిలిచినది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటిననాడు ఆ యొడ్డున ఇండ్లున్నవారికి దిబ్బ విలువ యెవరును బోధింప నక్కరలేకపోయినది. 2011 నాటి తీరక్రమబద్ధీకరణ ప్రకటనయు, దాని స్థానమున వచ్చిన 2019 నాటిదియు ఇసుకదిబ్బలను మిక్కిలి రక్షణ గల వర్గమున చేర్చినవి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల సంగతి చెప్పనేల. అచ్చట గునపము ఎత్తుటయే తప్పు. అల త్రవ్వి యిచ్చినదానిని కైకొనుట వేరు, అలకు మారుగా మనము త్రవ్వుట వేరు. సెలవులలో కారు డిక్కీనిండ గడ్డలు నింపుకొని వచ్చు నగరవాసులు ఈ యకర్మకక్రియను పలుమారు మననము చేయవలెను.

“పీకదాకా పాతెయ్యకు” — నిషేధవిధి. పీక యనగా గడ్డయు ఆకులును కలియు మెడ. ఇచ్చట పూర్వపక్షము: ఇసుకలో గడ్డ లోతున నుండుట ప్రత్యక్షము గదా, కుండీలో పైకుంచుట యెట్లు పొసగును? సమాధానము: దిబ్బమీద లోతు గాలి తెచ్చిపోసిన ఇసుక వలన కలిగినది, అందు నీరు క్షణమైన నిలువదు. మా యెర్రమన్ను వానకు ముద్దయై ఎండకు పెంకై యుండునది. ఇందు మెడ మునిగినచో ఆకుల మొదళ్ల సందున తడి చేరి, గడ్డ లోపలినుండి క్రుళ్లును. వ్రేలితో నొక్కినప్పుడు మెత్తగా దిగి, పులిసిన వాసన కొట్టిన గడ్డకు ఏ వ్యాఖ్యానమును సంజీవని కాదు. పైగా ఈ జాతి గడ్డలకు ముడుచుకొను వేళ్లు కలవు. అవి మొదట మన్నును పట్టి, పిదప తామే కుంచించుకొనుచు, గడ్డను తనకు కావలసిన లోతునకు లాగికొనిపోవును. తాను దిగదలచినంత తానే దిగగల ప్రాణిని మనము త్రొక్కి పాతిపెట్టుట యేల?

“ఇసక కలుపు” — ఇచ్చట దేశభేదముచే అర్థభేదము. భీమిలిలో ఇసుక యనగా వాకిట నున్నది. శంషాబాదులో ఇసుక యనగా రోబో శాండు, అనగా గ్రానైటును యంత్రమున నలుగగొట్టిన పొడి. ఏటి ఇసుక అడుగుటకే ధైర్యము చాలదు. ఆ రోబో శాండులో రాతిదుమ్ము సిమెంటుపాలవలె కుండీ యడుగున పేరుకొని నీటిదారిని మూసివైచును గావున, బకెట్టులో వేసి, నీరు తేటపడువరకు కడిగి, మొరము కొంత, చివికిన పశువులపేడ కొంత కలిపిన పక్షమున మూలకారిణి అభిప్రాయము నెరవేరును. కుండీ వెడల్పుదై యుండవలెను; ఎదిగిన మొక్క ఆకులు గజము పొడవు చాచును. ఎండ పూర్తిగా తగులవలెను. ఇందు వివాదము లేదు.

“ఉప్పు అక్కర్లేదు” — చీటికెల్ల ప్రాణభూతములైన మాట లివి. పూర్వపక్షి యిట్లనును: కడలియొడ్డున పుట్టి, ఉప్పుగాలి పీల్చి, పోటునాటి తుంపరలలో తడిసి పెరిగిన మొక్క ఉప్పు లేనిదే యెట్లు బ్రదుకును? కావున వారమునకొకసారి కల్లుప్పు కలిపిన నీరు పోయవలయును. ఈ పక్షము మా మూడవ అంతస్తులోని పెద్దమనిషిది; ఆయన తన వాదమును నోటితో నిలుపక, మేము లేనివేళ చెంబుతో సయితము స్థాపింపజూచెను. దీనికి సిద్ధాంతము: ఒకచోట నుండుటను బట్టి ఆ చోటి కష్టముపై ప్రీతి కలదని యూహించుట హేత్వాభాసము. 2008 మార్చి 23 న విమానములు బేగంపేటను వదలి మా శంషాబాదునకు వచ్చినది మొదలు, రాత్రివేళ మా మేడమీదుగా గల్ఫునకు ఎగిరిపోవు జగిత్యాల, నిజామాబాదు కుర్రవాండ్రు అచ్చటి యెండపై మోజుచేత పోవుచున్నారని యెవడైన ననినచో, వాని తల్లియే వానిని మందలించును. ఈ మొక్కయు నంతే. ఉప్పుగాలి, కాగిన ఇసుక, సారము లేని నేల అను వీనిని ఓర్వలేక తక్కిన మొక్కలు తొలగిపోగా ఖాళీయైన చోట, దళసరి ఆకును గడ్డలోని నీటినిల్వను ఆసరా చేసికొని ఇది నిలద్రొక్కుకొనినది. ఉప్పు నోర్చును, కోరదు. మంచినేలను మంచినీటిని ఇచ్చినచో మరింత యేపుగా పెరుగునని, సముద్రమునకు వందల మైళ్ల దూరమున తోటలలో పొదలు కట్టిన క్రైనములే సాక్ష్యము. ఉప్పునీరు పోసినకొలది వేళ్లు నీటిని తీసికొనలేక, ఆకుల కొనలు మాడును. మరియు మా బోరునీటిని మరచిన పూర్వపక్షిని ఏమనవలెను! బకెట్టు అంచున తెల్లని చార కట్టి, గీజరు కడ్డీని సున్నపుకొయ్య చేయు ఆ నీటిలో లవణములకు కొదవ యేమి? కుండీకి మేము చేయగలిగిన యుపకారము, వానకాలమున దానిని చూరు క్రిందినుండి తీసి, ఆకాశపు నీటిలో నిలుపుట మాత్రమే.

“మేక ముట్టదు గానీ పిల్లల్ని చూసుకో” — “గానీ” యను నవ్యయము ఇచ్చట మిక్కిలి బరువైనది. విషమూంగలి యను పేరు ఊరక రాలేదు. గడ్డలో లైకోరీను అను క్షారపదార్థము కలదు, అది వాంతులు పుట్టించును. వంటింట ఉల్లిబుట్ట ప్రక్క దీనిని పెట్టుట మూలవిరుద్ధము, ఆత్మవిరుద్ధము కూడ. కోసిన గడ్డరసము కొందరికి చేతులపై దురద పుట్టించును. నాగదమని యను సంస్కృతనామమును బట్టి పాములు రావని మా వాచ్‌మను ధైర్యముగా నున్నాడు; ఆ ధైర్యమునకు వ్యాఖ్యాత పూచీ పడడు.

మేక ముట్టదని చెప్పిన మూలకారిణి, ముట్టునది యేదో చెప్పలేదు. అనుక్తమును పూరించుట టీకాకారుని ధర్మము గనుక చెప్పుచున్నాము. నల్లనిమేనిపై తెల్లని చుక్కలును, నారింజవన్నె మచ్చలును గల గొంగళి యొకటి లిల్లీజాతులను వెదకికొని వచ్చును. విషము దానికి పథ్యము. తొలుత ఆకు పైపొర విడిచి లోకండను మాత్రము గీకుటచేత ఆకుపై పలుచని అద్దపుచారలు కనబడును. అప్పుడే చూచినచో రక్షణ. లేనిచో రెండుమూడు దినములలో ఆకులు మొదలంట పోయి, మెడలోనికి తొలిచికొని దిగును. సాయంకాలము టార్చిలైటుతో పోయి, ఆకు మొదళ్లను విప్పి, పట్టుకారుతో నేరి సబ్బునీటిలో వేయుటయే చికిత్స. మా వాకిట దీనిని చేయుచుండగా చూచినవారు, ఏదో తాంత్రికమని తలచి తలుపులు వేసికొనిరి.

“పిల్లగడ్డలొస్తే పెద్దమ్మకొకటియ్యి” — తల్లిగడ్డ ప్రక్కన పుట్టు చిన్నగడ్డలు పిల్లగడ్డలు. వీనిని వేళ్లతోసహా విడదీసి, గాయమారువరకు రెండుదినములు నీడన నుంచి నాటవలెను. సంశయమంతయు “పెద్దమ్మ” శబ్దమున కలదు. తల్లి యక్కయు పెద్దమ్మయే, పెదనాన్న భార్యయు పెద్దమ్మయే. మొదటివారు అత్తాపూరులో నున్నారు, రెండవవారు టెక్సాసులో కుమారునియొద్ద నున్నారు. అత్తాపూరనినచో ఆర్టీసీ బస్సుతో పని తీరును. కాని చీటి వ్రాసినది మా తండ్రి చెల్లెలు గావున, ఆమె ఉద్దేశము తన వదినగారే యగుట న్యాయము. ఇచ్చట రాజశాసన మడ్డుపడుచున్నది. బ్రదికిన గడ్డ సరిహద్దు దాటవలెనన్న దానిలో పురుగును తెగులును లేవని ధ్రువపత్రము కావలెను. మన దేశమునకు వచ్చువానికి 1914 నాటి చట్టము, దాని క్రింద 2003 లో వెలువడిన క్వారంటైను ఉత్తరువు కలవు. అమెరికావారికి తమ నిబంధనలు తమకున్నవి. ఈ విద్య నేర్పు జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ, 1966 లో శిక్షణాలయముగా పుట్టి, మాకు దగ్గరిలోనే రాజేంద్రనగరమున నున్నది గనుక అజ్ఞానము నటించుటకు వీలులేదు. అదిగాక, క్రైనములు టెక్సాసు పెరళ్లలో నెంతో కాలమునుండి పెరుగుచునే యున్నవి. పెద్దమ్మ కోరినచో కోడలు అక్కడి నర్సరీనుండి సాయంకాలమునకు తెచ్చియీయగలదు. కావున పిల్లగడ్డ పుట్టినపుడు అత్తాపూరునకే పోవును; టెక్సాసునకు ఈ వ్యాఖ్య పంపబడుచున్నది, కాగితమునకు క్వారంటైను లేదు గనుక.