ఆకులెత్తే వేళకు నెయ్యి

కంప్యూటరో సాఫ్ట్‌వేరో కొనండి, వంద డాలర్ల ఖర్చుకు నూట ఇరవై చూపించి పన్ను తగ్గించుకోండి అని చిన్న వ్యాపారులను ఆస్ట్రేలియా సర్కారు 2022 మార్చి 29 బడ్జెట్‌లో ఊరించింది. మధ్యలో ప్రభుత్వమే మారింది. తీరా చట్టం వచ్చిందెప్పుడయ్యా అంటే 2023 జూన్ 23న. గడువేమో జూన్ 30! కొని, బిగించి, వాడకానికి సిద్ధం చేసుకోవడానికి అక్షరాలా వారం. ముందే కొన్నవాళ్లు దేవుడి మీద భారం వేసి కొన్నట్టే.

శిక్షణ ఖర్చుకూ ఇలాగే నూట ఇరవై అన్నారు; ఆ రాయితీకి ఇంకో ఏడాది ఇచ్చారు, సంతోషం. కాకపోతే అది ఉద్యోగులకే. ఒంటిచేత్తో కొట్టు నడిపే యజమాని తానే కోర్సు చేస్తే ఆ అదనపు ఇరవై రాలేదు. ఆయనకన్నీ పుట్టుకతోనే వచ్చేసి ఉంటాయని కాన్‌బెర్రా సర్కారు నమ్మకం కాబోలు!