ఒక డేటాబేస్ ఆత్మకథ

నేను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ని. మా వంశం 1986లో బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ చేతిలో మొదలైంది. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. ఆ ఏడే మద్రాసులో కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్ కోయంబేడుకు తరలిపోయింది. పప్పులు, మిరపకాయల టోకు కొట్లు మాత్రం జార్జి టౌన్‌లోనే ఉండిపోయాయి. గోవిందప్ప నాయకన్ వీధిలో అలాంటి ఒక కొట్టు మేడ మీద నేను బిల్లులు చూసుకుంటాను.

బిల్లు వేసే ఒక్కో కౌంటరుకూ నాలో ఒక్కో ప్రాసెస్ ఉంది. వంతు రానిది సెమాఫోర్ మీద నిద్రపోతుంది, వంతు రాగానే దాని మీదే లేస్తుంది. నాది 9.6 వెర్షన్. నా సెమాఫోర్లు కెర్నెల్ దగ్గర, నన్ను నడిపే యూజర్ పేరు మీద ఉంటాయి.

అక్కడే వచ్చింది చిక్కు. నేను పడిపోతే కంప్యూటర్ అబ్బాయి వచ్చి లేపేవాడు. అతను లాగౌట్ చేసి మెట్లు దిగేసరికి మళ్ళీ పడేదాన్ని. కింద గుంటూరు మిర్చి బస్తాలు బండికెక్కించి, బిల్లు కోసం కూలీలు ఎండలో నిలబడేవాళ్ళు.

"ఏం బాబూ, నువ్వుంటే నడుస్తుంది, నువ్వెళ్తే ఆగిపోతుంది!" అన్నారు కొట్టు యజమాని శెట్టిగారు.

యూపీఎస్ మార్చారు, ర్యామ్ మార్చారు. జబ్బు పేరు మాత్రం శెట్టిగారి మాటలోనే ఉంది.

ఒక రోజు అబ్బాయి నా లాగ్‌నీ, సిస్టమ్ లాగ్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. అతని సెషన్ ముగిసిన క్షణమూ, నా లాగ్‌లో సెమాఫోర్ మీద 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని పడిన క్షణమూ ఒకటే. రూట్‌గా ఇంకో టెర్మినల్ కిటికీ తెరిచి 'ఐపీసీఎస్' కమాండ్ కొట్టాడు. నా సెమాఫోర్ల వరస కనబడింది. మొదటి కిటికీలో లాగౌట్ చేసి మళ్ళీ కొట్టాడు. వరస ఖాళీ!

ఇది లినక్స్‌లో లాగిన్‌లను చూసుకునే సిస్టమ్‌డీ లాగిన్‌డీ చేసే శుభ్రం. 2014లో వచ్చిన 'రిమూవ్ ఐపీసీ' సెట్టింగు ఆన్‌లో ఉంటే, యూజర్ ఆఖరి సెషన్ ముగియగానే అతని పేరు మీదున్న సెమాఫోర్లనూ షేర్డ్ మెమరీనీ తీసేస్తుంది. శెట్టి ఊరెళ్ళాడని గుమాస్తాలుండగానే కొట్టు ఖాళీ చేసినట్టు! సిస్టమ్ యూజర్ల జోలికి అది పోదు. కానీ నన్ను మామూలు యూజర్ కింద నడిపారు, అబ్బాయి లాగిన్ అయ్యేదీ అదే ఖాతాతో.

అబ్బాయి లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్లో 'రిమూవ్ ఐపీసీ'ని 'నో' చేసి, లాగిన్‌డీనీ నన్నూ రీస్టార్ట్ చేశాడు. పడిన ప్రతిసారీ వాల్ (మార్పులను ముందే రాసుకునే లాగ్) చదివి లేచాను కాబట్టి కమిట్ అయిన బిల్లు ఒక్కటీ పోలేదు.

నాలాంటి దాన్ని నడిపేవాళ్ళు ర్యామ్ కొనే ముందు ఆ ఒక్క సెట్టింగు చూడండి. డేటాబేస్‌కు సిస్టమ్ యూజర్ ఖాతా ఇవ్వండి, మీరు వేరే ఖాతాతో లాగిన్ అవ్వండి.