షికారు సాబ్ కుక్క ఎంత దూరం పోవాలె

నిజామాబాద్ ఖలీల్‌వాడి నుంచి బోధన్ శక్కర్‌నగర్ దాకా ఏ చాయ్ హోటల్లో చూసినా ఒక షికారు సాబ్ తగులుతాడు. తాత దొరల వెంట వేటకు పోయినోడు. మనవడు పాయింటర్ కుక్కను పెంచి, దాని గురించి మాట్లాడతాడు. చాయ్ సాసర్‌లో వొంపుకుంటూ తీర్పిచ్చేస్తాడు: "కుక్కంటే దూరం పోవాలె భయ్. కాళ్ల కాడ మెసిలేది కుక్కనా, మేకనా?" మొదటి చాయ్‌కి రెండొందల గజాలు పోయిన కుక్క, రెండో చాయ్‌కి ఎడపల్లి దాటుతుంది.

ఆ మాట పూర్తిగా అబద్ధమైతే బాధ లేకపోను. పాయింటర్ పని పిట్టను లేపడం కాదు. వాసన తగలగానే ఒక కాలెత్తి, తోక బిగబట్టి, మనిషి వచ్చేదాకా కదలకుండా నిలబడడం. అలా నిలబడే కుక్క తుపాకీ దెబ్బ అందని దూరం పోయినా నష్టం లేదు. పిట్టను లేపే స్పానియల్ మాత్రం దగ్గరే తిరగాలి. నలభై గజాలు దాటితే చర్రా తగలడం పిట్ట దురదృష్టం మీదే ఆధారపడుతుంది. అమెరికా గడ్డిమైదానాల్లో గుర్రమెక్కి కుక్కల వెంట పోయేవాళ్లకు అర మైలు కూడా దగ్గరే. సాబ్ చూసే వీడియోలన్నీ అక్కడివే.

ఆ వీడియోల్లో చెరుకు ఉండదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ పారాక, ఆ దశాబ్దం చివర్లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక, ఈ నేల మనిషిని మించిన పైరుతో నిండిపోయింది. నాలుగు సాళ్లు లోపలికి పోయిన కుక్క పాయింట్ పట్టిందో, కునుకు పట్టిందో గట్టు మీదున్నవాడికి ఎట్లా తెలుస్తుంది? పైగా మన కౌజు, అంటే సాబ్ భాషలో తీతర్, రెక్కల కన్నా కాళ్లను నమ్ముకున్న పిట్ట. సాబ్ పొట్ట మోసుకుంటూ చేరేలోపు అది ముళ్లపొదల కిందుగా ఉరికి పక్క చేను చేరుతుంది. పూరేడైతే గడ్డిలో కూర్చునే ఉంటుంది, కాస్త ఆలస్యమైనా సాగుతుంది. కాబట్టి దూరం కుక్క గొప్పతనం కాదు. చేను, పిట్ట, యజమాని మోకాళ్లు కలిసి తేల్చే లెక్క. బోడి శనగ చేలో వంద గజాలు పోయి, చెరుకు గట్టు దగ్గర తనంతట తానే పాతిక గజాలకు తగ్గే కుక్కే తెలివైంది.

"ఎక్కువ నేల తిరిగితే ఎక్కువ పిట్టలు దొరుకుతయి గద" అని సాబ్ ఎదురడుగుతాడు. దొరుకుతాయి, కుక్కకు. మన ఎండలో అడ్డదిడ్డంగా ఉరికి నోరు తెరిచి రొప్పే కుక్క ముక్కు సగం సెలవులో ఉన్నట్టే. "2015లో ఫ్యాక్టరీ మూతపడ్డది, చెరుకు తగ్గింది, చేన్లు తెరుచుకున్నయి" అన్నది ఆయన చివరి అస్త్రం. చెరుకు పోయినచోట ఎక్కువగా వచ్చింది వరి. మోకాటి బురదలో తీతర్ కాపురముండదు, పాయింటర్ పందెమూ కట్టదు.

అసలు వేటే నిషేధమైతే ఈ కొలతలెందుకని ఎవరైనా అడగొచ్చు. 1972 వన్యప్రాణి చట్టం మొదట్లో చిన్న పిట్టలకు లైసెన్సు ఇచ్చేది. 1991 సవరణ ఆ దారీ మూసింది. తుపాకీ పేలనక్కర్లేదు, తరమడమూ చట్టం లెక్కలో వేటే. అంటే ఈ జిల్లాలో పాయింటర్ న్యాయంగా పోగలిగే దూరం దాని గొలుసు పొడవు. సాబ్ కుక్క రోజురోజుకూ దూరం పోతున్నదీ అందుకే: తుపాకీ లేదు, పిట్ట లేదు, ఇక ఆపేదెవరు?

ఈమధ్య మెడకు జీపీఎస్ పట్టీ కూడా కట్టించాడు. ఫోన్లో చుక్క తొమ్మిదొందల మీటర్ల అవతల ఆగిపోగానే "సూడుండ్రి, పాయింట్ పట్టింది" అని హోటలంతా తిప్పి చూపిస్తాడు. చుక్క ఆగింది మటన్ దుకాణం ముందర. గల్లా మీద కూర్చున్నాయనకు ఆ సంగతి తెలుసు గానీ, నాలుగు టేబుళ్ల చాయ్ పైసలు సాబ్ ఇంకా కట్టలేదు.